పొడుగు సీటు

"తాతా, పోయినసారి వచ్చినప్పుడు కారుల ముందు రెండు కొత్త సీట్లుండె గదా. అవి తీసేసి మళ్ల ఈ పాత పొడుగు సీటెందుకు ఏయించినవు?"

మంచి ప్రశ్న అడిగినావు అంజలీ. కూర్చో తల్లీ. మీ ఆయనను కూడా పిలువు, అతనూ వింటాడు... వద్దులే. మీ అమ్మమ్మ దగ్గర కూర్చున్నట్టున్నాడు. ఆమె వింటుండగా ఈ ముచ్చట చెప్పడం నా వల్ల కాదు.

ఆ అంబాసిడర్ మా బాపు కొన్నది. బోధన్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర... కాదు, కాంట్రాక్టరు బామ్మర్ది దగ్గర. అప్పుడు పెట్రోలు ఎంత చవకో చెబితే నువ్వు నవ్వుతావు, అయినా బాపు ప్రాణం ఉసూరుమనేది. నాకు అప్పుడే పిట్లంలో పశువుల దవాఖానలో ఉద్యోగం వచ్చింది. హైదరాబాదులో ఇంగ్లీషు చదువులు చదివి, టై కట్టుకొని వచ్చిన డాక్టరును. పెళ్లైన కొత్త.

మా ఇంటి మర్యాద ఒకటుండేది, చూడు. పెద్దల ముందు కోడలు మొగుని పక్కన కూర్చోగూడదు. మంచం మీదనే కాదు, బండి మీదైనా, కారులోనైనా అంతే. బాపు అరుగు మీద కూర్చొని ఉండేవాడు. మీ అమ్మమ్మ కొంగు సరిచేసుకొని వెనక తలుపు తీసుకొని వెనక కూర్చునేది. నేను ముందు ఒక్కణ్నే. చూసేవాళ్లకు నేను డ్రైవరునే అనుకో. ఊరు దాటి అర మైలు పోయినాక ఒక కల్వర్టు ఉండేది. అక్కడ బండి ఆపేవాణ్ని. ఆమె దిగి, ముందుకు వచ్చి కూర్చునేది. మళ్లీ వచ్చేటప్పుడు అదే కల్వర్టు దగ్గర దిగి వెనకకు.

ఆ కారుకు గేరు స్టీరింగు పక్కనే ఉంటుంది గదా, అందుకని ముందు సీటు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే. ఎడమ వైపు ఎంత జాగ ఉన్నా, మీ అమ్మమ్మ నడుమకు జరిగి కూర్చునేది. ఎడమ పక్కన టిఫిను డబ్బా. ఇంట్లో పది మంది, ఆమెతో తీరుబడిగా నాలుగు మాటలు మాట్లాడిన రోజు లేదు. ఏమన్నా మాట్లాడుకున్నామంటే ఆ సీటు మీదనే, నా మోచెయ్యికి ఆమె మోచెయ్యి తగులుతుంటే. మీ అమ్మ పుట్టబోతున్నదని నాకు తెలిసింది కూడా జుక్కల్ తొవ్వలో, ఆ సీటు మీదనే.

బాపుకు తెలియదనుకున్నాం. ఒకరోజు అన్నం తింటూ తింటూ అన్నాడు: "కల్వర్టు దాక ఎందుకురా? గా చెరుకు తోట మలుపు తిరిగితె నాకు కానరాదు. ఆడ్నే మారుండ్రి. ఎండల గంత దూరం ఎనక సీటుల ఒక్కతే ఎందుకు?" మీ అమ్మమ్మ చేతిలో పప్పు గిన్నె కింద పడ్డంత పనైంది. అంతటి మర్యాదస్తుడు గదా, ఇంటి ముందే కూర్చోండి అని మాత్రం అనలేదు. మలుపు దాకా తగ్గించినాడు.

ఆ... ఎక్కడున్నాను? అవును. బాపు పోయినాక కారు కొట్టంలో పడింది. నేను జీపులలో, మోటరు సైకిళ్ల మీద తిరిగినాను. కోళ్లు అందులో గుడ్లు పెట్టినవి, మీ అమ్మకు తెలుసు. ఉద్యోగం విరమించినాక దాని పని పట్టుకున్నాను. నేల రేకు తుప్పు పట్టి జల్లెడలా అయింది, అంతా కోసి కొత్త రేకు వేయించినాం. ముందు దీపాల చుట్టూ ఉండే రింగులు దేగ్లూర్ పాత సామాన్ల బజారులో దొరికినవి, ఆ మరాఠీ సేఠ్‌తో బేరానికి ఒక పూట పట్టింది. ఇంజను విప్పినాం, బిగించినాం, మళ్లీ విప్పినాం. ఏండ్లు పట్టిందమ్మా. మీ అమ్మమ్మ ప్రతి ఆదివారం తన పాత నేత చీర ముక్కలతో బంపరు తుడిచేది. మెత్తటి చీరలైతేనే గీతలు పడవని ఆమే కనిపెట్టింది.

అప్పటికి ఆమెకు నడుం నొప్పి మొదలైంది. పాత సీటుకు స్ప్రింగులు కుంగినవి. నేను కార్ల పుస్తకాలు తిరగేసి, ఆమెకు చెప్పకుండా, రెండు కొత్త సీట్లు వేయించినాను. వీపుకు ఆనిక, తలకు దిండు, మీట లాగితే వెనకకు వాలుతుంది. పాత సీటును బాన్సువాడలో సీట్లు కుట్టే ఆయనకే ఇచ్చేసినాను. బండి ఇంటికి తెచ్చి, తలుపు తీసి, కొత్త పెళ్లికొడుకులా నిలబడ్డాను. మీ అమ్మమ్మ చూసింది. దిండు మీద చెయ్యి వేసింది. "మంచిగున్నయి" అన్నది. అని, వెనక తలుపు తీసుకొని వెనక కూర్చున్నది.

ఆ రోజు నుంచి వెనకనే. "ముందుకు రా" అంటే "ఇక్కడ కాళ్లు చాపుకోవచ్చు" అనేది. ఇప్పుడు అరుగు మీద ఎవరూ లేరు గదా, చూసేవాళ్లు లేరు. మరి ఎందుకు? అద్దంలో ఆమె ముఖం చూసుకుంటూ నడిపేవాణ్ని. నీకు నిజం చెబుతున్నాను, అంజలీ, నాకు భయం పట్టుకుంది. ఇన్నేండ్లు కాపురం చేసి, ఈ వయసులో నా పక్కన కూర్చోవడం ఆమెకు విసుగైందా అని. అడుగుదామంటే నోరు రాదు. మన దిక్కు మొగవాళ్లకు ఆ విద్య ఎవరూ నేర్పలేదు.

పోయిన చలికాలం పిట్లం నుంచి వస్తున్నాం. తొవ్వ పక్కన శాంతిబాయి అని తండా ఆమె, ఆమె పెనిమిటి కలిసి చాయ్ హోటలు నడుపుతారు. చాయ్ తాగుదామని ఆపినాను. బయట కుర్చీలున్నాయి. మీ అమ్మమ్మ వాటిని దాటి, లోపల గోడకు ఆనించిన ఒక బెంచీ దగ్గరికి పోయింది. పోయి, దాని మీద నడుమకు జరిగి కూర్చున్నది. కూర్చొని, కుడి పక్కన చేత్తో తట్టింది.

"రాండ్రి, నిలవడ్డరేంది? కూసోండ్రి."

చూద్దును గదా, ఆకుపచ్చ రెగ్జిను, అంచున చిరుగు. మన సీటే! బాన్సువాడ ఆయన దగ్గర కొన్నట్టున్నారు, కింద ఇటుకలు పేర్చి బెంచీ చేసినారు.

"ఇది మన సీటని నీకు తెలుసా?"

"తెల్వకేం? పోయిన నెల బస్సుల పోంగ కిటికీలకెల్లి చూసిన."

"మరి చెప్పలేదేం?"

"నా నడుం కోసమని అంత సంబురంగ ఏయించిన్రు. మంచిగలెవ్వంటె మీ మొఖం చిన్నబోదా? గవి రెండు కుర్సీలు. మీ కుర్సీ మీది, నా కుర్సీ నాది. నడుమ గంత గుంత. ఆడ కూసుంటె బస్సుల పరాయోళ్ల పక్కకు కూసున్నట్టుంటది. దానికన్న ఎనక సీటు నయం, మీ మొఖమన్న అద్దంల కనవడ్తది."

ఆమె కూడా అద్దంలోనే చూస్తున్నదట, బిడ్డా. పోయి ఆమె పక్కన కూర్చున్నాను. చాయ్ చల్లారింది.

తరువాత శాంతిబాయిని అడిగినాను, ఈ సీటు మాదమ్మా, మాకు ఇస్తావా అని. ఆమె నడుము మీద చేతులు పెట్టుకున్నది. "ఎట్లిస్త డాక్టర్ సాబ్? గిరాకీలందరు దీని మీదనే ఒరుగుతరు. మావోడైతె పొద్దుగాల కూసుంటె పగటాల్ల దాక లేవడు." దానికి బదులు రెండు కొత్త సీట్లు ఇస్తానన్నాను. కారు దగ్గరికి వచ్చి చూసింది. కూర్చున్నది. మీట లాగితే వెనకకు వాలేసరికి "అయ్యో!" అని కేక పెట్టి, నవ్వి, పెనిమిటిని పిలిచింది. "ఇగో, గిది నీది, గది నాది. నడుమల జాగ ఉంటది, గొడవ తక్కువైతది." ఆయన ఏమన్నాడో తెలుసా? "నడుమ ఒక గోడ గూడ కట్టిస్తవా సాబ్?" అన్నాడు. మీ అమ్మమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో పెట్టుకున్నది. చూడు, వాళ్ల కాపురానికి రెండు కావాలె, మా కాపురానికి ఒకటి కావాలె. ఏది మంచి సీటో నేను పుస్తకాలు చూసి నిర్ణయించినాను!

పాత సీటు తెచ్చి బిగించినాం. కొత్త రెగ్జిను వేయిస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. స్ప్రింగులు మాత్రం మార్పించినాను, నడుముకు ఒక చిన్న మెత్త ఆమే కుట్టుకున్నది. మరునాడు ఎడమ తలుపు తీసినాను. ఎక్కింది, జరిగింది, జరిగి నడుమకు వచ్చి నా పక్కన కూర్చున్నది. ఇంటి ముందే, తల్లీ. పట్టపగలు.

బాన్సువాడ అంగడి నడుమ నుంచి పోయినాం. కూరగాయలమ్మే ఆమె ఒకతి తొంగి చూసి, "అవ్వా, ఎడమ దిక్కు గంత జాగ ఇడిసిపెట్టినవు, ఎవలు కూసుంటరు?" అన్నది. బజారులో ఒక్క మాట కూడా పెద్దగా మాట్లాడని మనిషి మీ అమ్మమ్మ. ఎడమ కిటికీ దిక్కు వంగి అన్నది గదా, "గాలికి ఇడిసిపెట్టిన. నీకెందుకే? టమాటలు మంచియి ఏరిపెట్టు, మళ్లొచ్చేటప్పుడు తీస్కపోతం."

నేను గేరు మార్చడం మరిచిపోయినాను. ఇంజను గుర్రుమన్నది. "బండి సూసి నడుపుండ్రి" అన్నది.

అంతేనమ్మా. మీ ఇద్దరిది కొత్త కాపురం. పెద్ద మాటలు చెప్పను. ఒకరికి ఏది సుఖమో రెండోవాళ్లు ఊహించుకొని తెచ్చిపెట్టే ముందు, ఒక్కసారి నోరు తెరిచి అడగండి. మీ ఇంట్లో ఎన్ని కుర్చీలు చేరినా, ఒకరి కోసం ఒకరు జరిగే అలవాటు పోకుండా నిండు నూరేండ్లు... ఆ, వస్తున్నా, వస్తున్నా. పిలుస్తున్నది చూడు. పద, చాయ్ అయినట్టుంది.