బుల్లెట్లు అడిగితే ఫీజోవాలు

“జేజీ, ఫీజోవాలు తెచ్చినా. ఇవంటే నీకెందుకంత కోపం?”

కాయల మీద నాకేం కోపం తల్లీ. జామకాయ మాదిరి ఉంటాయి పాపం, వాసన కూడా బాగుంటుంది. కోపమంతా భాస్కర్ మీద. ఈ ఊర్లోనే బోటనీ డౌన్స్‌లో పెద్దిల్లు, మొన్న నీ పుట్టినరోజుకు కూడా వచ్చినాడు నవ్వుకుంటా. ఆయప్పే.

మీ తాతకు పిస్తోలు క్లబ్బంటే పిచ్చి, నీకు తెలుసు కదా. ఈ దేశంలో పిస్తోలు క్లబ్బులో తప్ప ఇంకెక్కడా కాల్చకూడదు. ఏడాదికి ఇన్నిసార్లు పోయి కాల్చాలని లెక్క, తప్పితే లైసెన్సు పోతుంది, పిస్తోలూ పోతుంది. గుండె ఆపరేషనని ఆ ఏడు ఆయన చానా దినాలు పోలేదు. ఆఖరికి ఒక్క ఆదివారం మిగిలింది. అది కూడా పోతే ఈయన ఇంక మంచం దిగడని నా భయం.

కాల్చినాక తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలు పారేయం మేము. ఏరుకొచ్చి, కడిగి ఆరబెడితే మీ తాత మళ్ళీ నింపుతాడు. కడిగేది నేనే, మరక కనపడితే ఊరుకోను. గొట్టాలున్నాయి, తుపాకి మందుంది, ముందర పెట్టే మొన, అదే బుల్లెట్టు, అదే లేదు. అమెరికావాళ్ళు అంతా కొనేసినారంట, షాపోడు చెప్పేది. నింపిన తూటాలూ లేవంట. వేరే ఊర్లో, రిక్కార్టన్‌లో ఉండే మీ చిన్నాయన అక్కడి షాపులన్నీ తిరిగినాడు, ఊహూఁ.

క్లబ్బులో ఎవర్నన్నా నాలుగు తూటాలు అడగొచ్చు కదా అంటావేమో. అడగకూడదు. ఒకరు నింపింది ఇంకొకరు కాల్చకూడదని వాళ్ళ పద్ధతి. మన మడి మాదిరి అనుకో. నాకు నచ్చుతుంది అది. ఉత్త బుల్లెట్లయితే ఇచ్చుకోవచ్చు.

భాస్కర్ దగ్గర ఉన్నాయని విన్నా. ఆయప్పను క్లబ్బులో చేర్పించిందెవరు? మీ తాతే. పక్కన నిలబడి నేర్పించినాడు. సరే అని గోంగూర పచ్చడి చేసినా. కుండీలో పెంచిన గోంగూర, ఈ చలికి ఆకు ఎంతొస్తుంది? ఉన్నదంతా తెంపి చేసి, స్టీలు డబ్బాలో పెట్టుకోని బస్సెక్కినా. మీ తాతకు చెప్పలేదు, చెప్తే పోనియ్యడు.

ఆయప్పింటి గరాజు తలుపు తెరిచే ఉంది. నాకు చదువు రాదు, నిజమే, అయితే మా ఇంటికొచ్చే బుల్లెట్ల ఎర్ర అట్టపెట్టె నాకు తెలీదా? గోడకానించి పైదాకా పేర్చినాడు. అడిగినా. “అయ్యో ఆంటీ, ఎక్కడా దొరకట్లేదు, నాకే లేవు” అన్నాడు. ఆ పెట్టెల ముందర నిలబడి అన్నాడు తల్లీ. పచ్చడి మాత్రం గిన్నెలోకి మార్చుకున్నాడు. డబ్బా కడిగించి, “ఖాళీ డబ్బా ఇవ్వకూడదు కదా ఆంటీ” అని, చెట్టు కింద రాలిన ఫీజోవాలు నింపిచ్చినాడు. పద్ధతి తప్పలేదు చూడు. బస్సులో ఒళ్ళో పెట్టుకుంటే కడుపు మండిపోయింది.

జాన్ అని క్లబ్బులో ఒక తెల్లాయన, ముసలాయన, ఊరికి ఆ కొసన ఆల్బనీలో ఉండేవాడు. చేతులు వణుకుతాయని కాల్చేది మానేసినాడు. ఆదివారం రాలేనని మీ తాత క్లబ్బుకు ఫోన్ చేసింది ఆయనకు తెలిసి, శనివారం తానే కారేసుకోని వచ్చినాడు. కాఫీ డబ్బాలో బుల్లెట్లు, తన దగ్గరున్నవన్నీ. ఆ స్టీలు డబ్బాలోనే సున్నుండలు పెట్టిచ్చినా. వారం పోయినాక డబ్బా తెచ్చిచ్చినాడు, ఖాళీగా. సరిగ్గా కడగను కూడా లేదు. ఆయనకేం తెలుసు మన పద్ధతి? కళ్ళకద్దుకోని తీసుకున్నా.

మీ తాత ఆ ఆదివారం కాల్చినాడు. గురి బాగలేదు, అది వేరే సంగతిలే. లైసెన్సు నిలబడింది.

ఇంకా విను. మరుసటేడు భాస్కర్‌కు బుల్లెట్లు అయిపోయినాయి. సిగ్గులేకుండా ఇంటికొచ్చినాడు, అంకుల్ అంకుల్ అని. మీ తాతకు కోపం నిలవదు, అదే ఆయన జబ్బు. మా దగ్గరున్నవి ఇచ్చెయ్యమన్నాడు. సరే అన్నా. ఆ స్టీలు డబ్బా నిండా పోసి చేతికిచ్చినా. “డబ్బా మళ్ళీ తెచ్చియ్యి నాయనా. ఖాళీగా ఇవ్వకూడదని నువ్వే చెప్పినావు” అన్నా. తల వంచుకోని తీసుకున్నాడు.

ఈ రోజుకూ తేలేదు. ఏం పెట్టి తేవాలో తెలీక. అది మా అమ్మ ఇచ్చిన డబ్బా, నాకు కావాలి. కావాలి గానీ, అడగను.

నువ్వు చల్లగుండు తల్లీ. ఎవరన్నా నోరు తెరిచి అడిగితే, ఉంటే ఇయ్యి, ఇయ్యబుద్ధి కాకుంటే ఇయ్యనని చెప్పు. అంతేగానీ... సరే, ఒక కాయ కోసి ఇటియ్యి. వాసన మాత్రం...