ఆ వైపు తడపని నేల

ఏ ఏడా? తొంభై ఆరు. ఎండాకాలం, మంచి నడి ఎండాకాలం. మీ అమ్మకి అప్పుడు పన్నెండో పదమూడో. ముందు ఆ బూట్లు విప్పి కూర్చో తల్లీ, ఆట నుంచి వస్తూనే మీ పెద్దమ్మ కన్ను ఎలా పోయిందని అడిగితే ఏం చెప్పను? మనిషే పోయి పన్నెండేళ్ళయింది. మీ అమ్మ ఏం చెప్పింది? బంతి తగిలిందనా? ఆఁ, తగిలింది. తగిలిన మాట నిజమే. మిడత అనేవాళ్ళం మీ పెద్దమ్మని. ఒంట్లో కాళ్ళు తప్ప ఇంకేం లేవు మరి. మా అక్క, అదే మీ అమ్మమ్మ, కుట్టుమిషను తొక్కుతూనే తిట్టేది, "దీనికి పెట్టే తిండేదో రోడ్డుకి పెట్టినా ఒకటే, అంతా అక్కడే పారబోసి వస్తోంది" అని. నాకు క్యారియర్ తెచ్చే వంకతో మైదానానికి వచ్చేది. ఎవరో పారేసిన విరిగిన హాకీ కర్రకి టేపు చుట్టి చేతికిచ్చింది నేనే. ఏడేళ్ళు అప్పుడు. పందొమ్మిది వచ్చేసరికి దేశం చొక్కా వేసుకుంది.

నేనా? నేను మైదానంలో నీళ్ళు కొట్టేవాణ్ణి. నవ్వకు, అదీ ఉద్యోగమే. టర్ఫ్‌ని, ఆ ప్లాస్టిక్ గడ్డిని, మ్యాచ్‌కి ముందోసారి, సగం ఆటయ్యాక ఓసారి తడపాలి. తడిగా ఉంటే బంతి నేలని పట్టుకుని జారుతుంది, ఆరితే గెంతుతుంది. సరేలే, ఆడేదానివి, నీకు నేను చెప్పేదేంటి! కోచమ్మ అనేది, "నీళ్ళాయనా, ఆట సంగతి నీకెందుకు, పైపు చూసుకో." ఎందుకేంటి, ఇరవై ఏళ్ళు గట్టున కూర్చుని చూసినవాణ్ణి. అదే కొంప ముంచింది. నిజంగానే ఏమీ తెలియనివాణ్ణయితే పోయేది.

పెనాల్టీ కార్నర్ వస్తే గోల్ గీత మీద నుంచి దూసుకెళ్ళి, కొట్టే మనిషి మీద పడాలి చూడు, అది మిడత పని. ఇప్పట్లా మొహానికి ముసుగులు లేవు. "భయం వెయ్యదుటే?" అంటే, "మామా, నువ్వు తడిపిన నేల మీద బంతి లేవదు. తగిలితే కాళ్ళకే కదా" అనేది.

ఆ రోజు బయటి దేశం జట్టుతో మ్యాచ్. గెలిస్తే వచ్చే నెల పెద్ద పోటీలకి ఈ జట్టే, ఓడితే కొత్తవాళ్ళని చూస్తామని పైవాళ్ళు ముందే చెప్పేశారు. మిడత రెండు రోజులు సరిగ్గా తినలేదు. సగం ఆటకి మనది ఒక గోల్ పైచేయి. కానీ అవతల ఒక పొడుగుపిల్ల ఉంది, నిచ్చెన లాగా. కార్నర్ వచ్చిందా, చెక్క పగిలినట్టు కొడుతోంది. రెండు బంతులు గోల్ స్తంభానికి తగిలి పోయాయి గానీ లేకపోతే అప్పుడే అయిపోయేది. నేనేం చేశానంటే... ఉండు, మంచినీళ్ళు తాగనీ.

సగం ఆటయ్యాక మనవాళ్ళు పంపు షెడ్డు వైపు గోల్ కాయాలి. ఆ వైపు వాల్వు కట్టేశాను. ఎవరూ చెప్పలేదు నాకు. కోచమ్మకి తెలియదు, మిడతకి తెలియదు. నేల ఆరితే బంతి గెంతుతుంది, నిచ్చెనకి బంతి ఆపిపెట్టే పిల్లకి అందదు, నిచ్చెన కొట్టలేదు. అదీ నా తెలివి. అంపైర్ వచ్చి అడిగితే ప్రెషర్ రావట్లేదన్నాను.

కార్నర్ వచ్చింది. నేననుకున్నట్టే బంతి ఆపే కర్ర దగ్గర గెంతింది. భలే అనుకున్నాను. అనుకున్నాను తల్లీ, అబద్ధమెందుకు. నిచ్చెన ఆగలేదు. గాల్లో ఉన్నదాన్ని ఉన్నట్టే బాదింది. మిడత అప్పటికే అక్కడుంది. దాని పరుగు దానిది.

కోచమ్మ ఆసుపత్రి వరండాలోనే అరిచింది, "తల వంచి పరిగెత్తమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను!" అని. మా అక్క పోయేదాకా ఆవిణ్ణి తిట్టిపోసింది, "నా పిల్లని చావుకి తోలింది" అని. నేను పక్కన కూర్చుని ఊఁ కొట్టాను. పేపర్లో వేశారు. రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలు కదా, ఒక్కొక్కటే కూడబలుక్కున్నాను. ప్రమాదవశాత్తు అని ఉంది. మడిచి దిండు కింద పెట్టుకున్నాను.

మిడతా? అది కట్టుతో పడుకుని నా చెయ్యి పట్టుకుంది. "మామా, ఆ వైపు నేల ఎండిపోయింది. పైపు ఏదో పాడైనట్టుంది, బాగు చేయించు. ఇంకెవరికైనా తగులుతుంది" అంది. మర్నాడే ఫిట్టర్‌ని పిలిచాను. "దీనికేం రోగం, లక్షణంగా ఉంది" అన్నాడు. ఉన్నా సరే, విప్పించి కొత్తది వేయించాను. చేయించానని దానికి చెప్పాను. "మంచి పని చేశావు మామా" అంది.

తర్వాత దానికి సబ్బుల కంపెనీలో అట్టపెట్టెలకి టేపు వేసే పని. అక్కడే ఉండిపోయింది. నేను చెప్పలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అంటూనే అది పోయింది.

ఎడమ కన్ను తీసేశారు. దేశం తరఫున ఆడింది పదకొండు మ్యాచులు.