సుడులు చచ్చిన చోట

విదేశంలోని నగర శివారు టాలట్‌లో కొత్త ఇళ్ళు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులవి. ఆస్పత్రిలో నైట్ డ్యూటీ చేసొచ్చిన అమ్మ పైగదిలో పడుకుంది. కింద నాన్న, సెలవురోజైనా, తన ఫ్యూజన్ కొలిమిలో సూర్యుడిలా మండే ప్లాస్మా వాయువు లెక్కలు కంప్యూటర్లో నడిపిస్తుంటే, కూతురు ఊపిరి బిగబట్టి తెరవైపే చూస్తోంది.

"సుడులన్నీ చచ్చిపోయాయేంటి నాన్నా?"

"ప్లాస్మా అంచున విద్యుత్ క్షేత్రం బలపడిందమ్మా. దాంతో పక్కపక్క పొరలు తలో వేగంతో జారతాయి. మధ్యలో ఏ సుడి లేచినా చీల్చి పారేస్తాయి."

"మరి వేడి?"

"లోపలే ఉండిపోతుంది. మాకు కావలసిందదే."

"అచ్చం మనిల్లే. అమ్మ రాత్రిళ్ళు, నువ్వు పగళ్ళు. పోట్లాట మొదలయ్యేలోపే ఎవరో ఒకరు డ్యూటీకెళ్ళిపోతారు."

"హాయిగా లేదూ?"

"గోడలు చెవులొగ్గి వింటున్నట్టుంది నాన్నా. ఆ వేడి ఎప్పటికీ లోపలే ఉంటుందా?"

"ఉండదు. ఉన్నట్టుండి అంచు దగ్గర తన్నుకొస్తుంది. ముందు చప్పుడే ఉండదు."

"బట్టలారేసే వెచ్చటి అల్మారా, హాట్‌ప్రెస్‌లో, తువ్వాళ్ళ వెనక అమ్మ సూట్‌కేసుంది. సర్దేసి ఉంది. నా స్వెటర్లూ అందులోనే ఉన్నాయి."

మౌస్ మీద నాన్న చెయ్యి ఆగిపోయింది. పైన తలుపు తెరుచుకుంది. మెట్లమీద మెల్లగా అడుగులు పడుతున్నాయి.

"అమ్మ నిద్రపోతోందని ఇందాక నువ్వేగా అన్నావు!" అన్నాడు నాన్న గొంతు తగ్గించి.

"అనుకున్నాను. నాన్నా, ఇవాళన్నా పోట్లాడు."