పదికి పది

కుప్పంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. ఫిజిక్సు లెక్చరరు ఆదినారాయణ ముందు శాంతిపురం నుంచి వచ్చిన సిద్దప్ప నిలబడి ఉన్నాడు.

“టీసీ ఇచ్చేది లేదు సిద్దప్పా. పల్లవి లాంటి పిల్లను సదువు మానిపించేకి నీకు మనసెట్ల వచ్చింది?”

“నేను మానిపించలేదు సార్. అదే రానంటాండాది.”

“అందరు నాయనలూ ఇదే మాట. బెంగళూరుకు పనికి పంపాలని ఉండాదా?”

“ఆ బుద్ధే ఉంటే రెండేండ్లుగా పొద్దున్నే బస్సెక్కించేది యాల సార్?”

“మరేం కష్టం ఆయమ్మికి? ఇదో, నా రిజిస్టరు సూడు. ఐదు హోంవర్కులు. ఐదింటికీ పదికి పది.”

“అదే అడగాలని వచ్చినా. అన్ని మార్కులొచ్చే బిడ్డ నాకేమీ రాదని ఏడస్తాది యాల?”

“భయం. పరీక్షలు దగ్గర పడినాయి గదా.”

“హోంవర్కు మీరే దిద్దుతారా సార్?”

“నేను గాక ఎవురు దిద్దుతారు?”

“అంటే, ప్రతి వరసా సదువుతారా అని.”

“నూట ఇరవై బుక్కులప్పా. ఉండేది ఒక్క ఆదివారం. పేజీలు నిండినాయా, ఆన్సరు కింద గీత కొట్టినారా, సూస్తా. అందరూ అంతే. ఇప్పుడదంతా యాల?”

“ఊరికే సార్. ఐదోది, ఆ బుక్కు తెచ్చినా.”

“ఈడ పెట్టు. సూడు, ప్రతి పేజీకీ టిక్కు. ఒక్క తప్పు లేదు.”

“ఇంగ్లీషు నాకు రాదు సార్. నాలుగో పేజీలో, గుండు ఏలాడే బొమ్మ కింద, మూడు వరసలు తెలుగుండాది. అది మాత్రం సదివినా.”

“తెలుగా? యాడ?”

“ఆడనే. మీ వేలు కింద. సదవండి సార్.”

“‘సార్, ఇవన్నీ శాలిని బుక్కులో చూసి రాసినాను. రెండో చాప్టరు నుంచి నాకేమీ అర్థం కాలేదు. క్లాసులో అడిగితే…’”

“ఆపద్దండి.”

“‘…అడిగితే నవ్వుతారు. ఒకసారి పిలిచి చెప్తారా? లేకుంటే నేను మానేసేదే మంచిదంటారా?’ సిద్దప్పా, నేనిది సూడలేదప్పా. దేవుని తోడు, సూడలేదు. రేపే పిలుచుకోని రా. మొదటి నుంచి నేను సెప్తా.”

“పిలిస్తే రాదు సార్. ‘సారే మానేయమన్నాడు గదా నాయనా’ అంటాది. ఆఖరి వరస పక్కన టిక్కు పెట్టి, గుడ్ అని రాసినారు.”