ఎవేలియో ఎంచిన ఎడిటర్

"ఆ డామినో ముక్క అలా పట్టుకునే ఉండు నివాల్దో, కరెంటు పోయేలోపు ఈ సంగతి చెప్పేస్తా," అంటూ మొదలెట్టాడు ఎవేలియో, వరండాలో కాఫీ కప్పు ఎత్తుతూ దించుతూ. "మా వదిన ఇక్కడే ఉంది, అబద్ధమైతే అడుగు. మన సియెన్‌ఫుయెగోస్ ఊరినిండా టూరిస్టులే, వాళ్ళింట్లో అద్దెగది మాత్రం ఖాళీ. 'మరిదీ, ఒక వెబ్‌సైటు చేసిపెట్టు' అంది. సరే, దేంతో చెయ్యాలి? వడ్రంగైనా ముందు ఉలి చూసుకుంటాడు కదా!"

"నువ్వింకా ఉలే చూస్తున్నావు. సీజన్ అయిపోతోంది," అంది వదిన సెనైదా, కుర్చీలో కుదురుగా కూర్చోలేక.

"విను వదినా! నాదేమో ముసలి కంప్యూటరు. పక్క రేకు ఊడదీసి, ఫ్యాను ఎదురుగా పెట్టి, వెబ్‌పేజీలు రాసే చిన్న ఎడిటర్ ఒకటి ఎక్కించా. బానే ఉంది. కానీ మనసు ఆగుతుందా? ఇంకోటి ఎక్కించా, ఇంకోటి, పెన్‌డ్రైవులో ఉన్నవన్నీ ఎక్కించి ఒక్కసారే తెరిచా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మౌసు దానంతటదే బల్లమీద పరిగెత్తింది!"

"పిల్లి తరిమిందేమో," అన్నాడు నివాల్దో.

"నవ్వకురా. అందులో ఒకటుంది, మహా తెలివైంది. ఒక్క అక్షరం కొడితే లైనంతా అదే రాస్తుంది. నేను కాఫీకి లేస్తే పేజీ అంతా రాసేసింది. తిరిగొచ్చి చూస్తే, నేనింకా చెయ్యని తప్పులు కూడా దిద్దేసింది! సైటు ఎంత తేలిగ్గా ఉందంటే, సముద్రపు గాలికి మానిటర్ లేచిపోతుంటే బట్టలారేసే తాడుతో కిటికీకి కట్టా. ఇంతలో కరెంటు పోయింది. పేజీ ఆగిందా? ఆగలే! ఎక్కడో నడిసముద్రంలో ఓడ కెప్టెను అది చూసి చుక్కాని తిప్పేశాడు. ఓడ ఓడంతా మన ఒడ్డుకే, వదిన గది కోసం!"

నివాల్దో ముక్క కిందపెట్టాడు.

"ఓడ సంగతి తెలీదు గానీ, పొద్దున ఒక జంట పెట్టెలు ఈడ్చుకుంటూ మన వీధంతా తిరిగారు. ఫోన్ చూపించి, ఈ ఇల్లెక్కడని అడిగారు. ఫోటో మీ గుమ్మానిదే సెనైదా. కిందేమో 'ఇక్కడ మీ బస పేరు రాయండి' అనుంది. దానికింద 'ఇక్కడ చిరునామా రాయండి'."

సెనైదా లేచి నిలబడింది. "మరి వాళ్ళేరీ?"

"నేను పోల్చుకునేలోపే మూలింటి ఆవిడ నిమ్మరసం ఇచ్చి లోపలికి లాగేసుకుంది. వారం ఉంటారట."

ఎవేలియో కప్పులో కాఫీ లేకపోయినా మరో గుక్క తాగాడు.

"అదే వదినా, నేను చెప్పబోయేది. పేరు రాయడానికి ఇంతకంటే మంచి ఎడిటర్ ఒకటి వచ్చిందట, అదెక్కించాక..."

సెనైదా అతని రెక్క పట్టుకుని లేపింది.

"పద. ఉన్నదాంతోనే రాద్దువుగాని. నేను పక్కనే కూర్చుంటా. ఒక్క మాట మాట్లాడావంటే చూడు!"