మాట అందించే ముందు

రెండువేల మూడవ సంవత్సరం జూన్ ఏడవ తేదీన, నేడు పదవీ విరమణ చేస్తున్న, అందరమూ ‘పెద్దాయన’ అని గౌరవంగా పిలుచుకునే సహోద్యోగి, వానకు తడిసిన చొక్కాతోనే మన సంస్థ ఇంటర్నెట్ అన్వేషణ విభాగంలో చేరారు. వెతికేవారు రెండు మాటలు కొట్టగానే మిగిలిన ప్రశ్నను అందించే సూచనల పెట్టెను తీర్చిదిద్దడమే ఆయన జీవితకృషి అయింది.

తొలినాళ్లలో ఆయన గ్రంథాలయానికి వెళ్లి, కంప్యూటరు ముందున్న అపరిచితుల పక్కన కుర్చీ వేసుకుని, వారి వేళ్లు ఎక్కడ ఆగిపోతున్నాయో మౌనంగా గమనించేవారు. తమకేం కావాలో తెలిసి కూడా ఎలా అడగాలో తోచక జనం తికమకపడుతున్నారని అక్కడే గ్రహించారు. అనంతరం విభాగాధిపతిగా, ఎక్కువమంది నొక్కిన సూచననే ముందు చూపే పద్ధతిని ప్రవేశపెట్టి యాజమాన్యపు ప్రశంసలు అందుకున్నారు.

ఒక మధ్యాహ్నం, ఆయన ఇంట్లోనే ఉండే వదినగారు ఫోనులో ‘ఎడమ చెయ్యి తిమ్మిరి’ అని కొట్టగా, పెట్టె ‘నూనె మర్దన’ అని అందించింది. సాయంత్రం ఆయన ఇల్లు చేరేసరికి ఆమె నూనె గిన్నె పక్కనే ఒరిగిపోయి ఉన్నారు. ప్రాణం దక్కింది గాని, పక్షవాతం వల్ల మాట నెమ్మదించింది.

“ఆస్పత్రికి ఫోన్ చెయ్యాల్సింది కదా వదినా?” అన్నారాయన, మంచం పక్కన కూర్చుని.

“నీ పెట్టే... రుద్దుకోమంది కదయ్యా,” అన్నారామె కూడదీసుకుంటూ. “నీ మాట... నేనెప్పుడు కాదన్నాను?”

ఆ వారమే ఆయన కొత్త ప్రతిపాదన తెచ్చారు. ఇటువంటి బాధలకు చిట్కా చూపకముందే ‘హఠాత్తుగా వచ్చిందా?’, ‘మాట తడబడుతోందా?’ అని పెట్టె తిరిగి అడగాలన్నారు.

“నొక్కేవాళ్లు తగ్గిపోతారండీ,” అన్నారు డైరెక్టరుగారు. “ఆ లెక్క పడిపోతే మీ కుర్చీ పోకుండా నేను అడ్డుపడలేను.”

“కుర్చీదేముందండీ, ఎక్కడైనా వేసుకోవచ్చు. ఇది మాత్రం పెట్టనివ్వండి.”

లెక్క పడిపోయింది. కుర్చీ కిటికీ పక్క మూలకు మారింది. నిన్నటిదాకా తన కింద పనిచేసినవారి కింద, నొసలు చిట్లించకుండా, ఆయన తక్కిన సర్వీసంతా పూర్తిచేశారు. ఆ ప్రశ్నలు మాత్రం నేటికీ పెట్టెలో చెక్కుచెదరకుండా ఉన్నాయి.

ఇతరుల వాక్యాలు పూర్తిచేయడమే వృత్తిగా బతికిన పెద్దాయన, ఇకపై ప్రతి సాయంత్రమూ వదినగారి పక్కన కూర్చుని, ఆమె ఒక మాట కోసం ఎంతసేపు వెతుక్కున్నా తాను అందించక, అది ఆమె నోటనే వచ్చేదాకా ఆగి వినగలిగేటంత తీరికతో, ఆరోగ్యంతో, నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాం.