పాడకముందే వినిపించిన పాట

తాను పెద్దగా ఏమీ చేయలేదంటూనే మొదలుపెట్టాడు హెన్రీ. అతను అలా మొదలుపెట్టాడంటే చేతిలో టీ చల్లారిపోవడం ఖాయమని వరండాలో కూర్చున్న అందరికీ తెలుసు.

"ఏం లేదు నోవహన్నా, టీచరమ్మ కంప్యూటర్‌ల పాట రికార్డు చేస్తుంటే గొంతు ముక్కలు ముక్కలు అయితుండె. మొన్న వచ్చిన, కూసున్న, ఒక్క సెట్టింగ్ మార్చిన. అంతే."

టీచరమ్మ అంటే ప్రేమమణి. సీతాఫల్‌మండిలో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి. ఆ సాయంత్రం తన ఇంటి వరండాలోనే గోడకు ఆనుకుని, మాట్లాడే ఓపిక లేక వింటోంది. పొద్దుటి నుంచి పాడీ పాడీ అలిసిపోయింది. పాడిన ప్రతిసారీ మధ్యలో ఆగిపోయింది.

ఆ పాట వాళ్లమ్మ కట్టింది. "పొద్దు గుంకే వేళ పేరు పెట్టి పిలిచేవాడా" అని ఎత్తుకుంటుంది. ఏ పాటల పుస్తకంలోనూ లేదు. ఇప్పుడు ప్రేమమణి నోట్లో తప్ప ఎక్కడా లేదు. చర్చి సంఘం వాళ్లు పాటల సీడీ వేస్తున్నారు. "ఆదివారంలోగా కాకపోతే వేరే పాట పెట్టుకుందాంలే టీచరమ్మా, వయసు కదా" అని నిన్న స్త్రీల సమాజం సెక్రటరీ మెత్తగా చెప్పి వెళ్లింది. కసిరినా ఇంత బాధ ఉండేది కాదు.

"ఆ సెట్టింగ్ పేరు బఫర్," అంటున్నాడు హెన్రీ. "తొట్టి అనుకోండ్రి. మైకుల నుంచి గొంతు వచ్చి తొట్టిల పడతది, నిండినంక కంప్యూటర్ తీసుకుంటది. తొట్టి చిన్నగుంటే అది అందుకోలేక గొంతు తెగుతది. నేను తొట్టి పెద్దగ చేసిన. తెగుడు బంద్!"

అంతవరకు నిజమే. మొన్నటి నుంచి గొంతు తెగడం లేదు. మొన్నటి నుంచే తనకు మరపు ఎక్కువైందన్న సంగతి మాత్రం ప్రేమమణి ఎవరికీ చెప్పలేదు. హెన్రీ చెప్పినట్టే చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని పాడుతోంది. రెండో లైను దాకా వచ్చేసరికి బుర్ర ఖాళీ అయిపోతోంది.

"తొట్టి నిండేదాకా ఆగాలి కదా అంకుల్? ఆలస్యం కాదా?" అంది ప్రేమమణి మనవరాలు ప్రిసిల్లా. ఆ పిల్ల కంప్యూటర్ కోర్సు చేస్తోంది.

"గదే చెప్తున్న, నడుమల రాకు బిడ్డా. అయింది, జరంత ఆలస్యం అయింది. నేను పరేషాన్ అయిన్నా? కాలే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? డబ్బా ఇప్పిన. సౌండ్ కార్డు మూలకున్నది, దాన్ని పీకి ముందటికి జరిపిన. గొంతుకు దారి దగ్గరయింది. సగం ఆలస్యం పాయె."

"బస్టాపు మనింటి ముందుకు మార్చినట్టు," అన్నాడు పక్కింటి నోవహు. రైల్వేలో రిటైరైన మనిషి, ఆలస్యాల గురించి ఆయనకు తెలియనిది లేదు.

"మీ రైళ్లతోని పోల్చకన్నా! మిగిలిన సగం కోసం వైరు కోసిన. వైరు పొడుగుంటే గొంతు నడవాలె కదా పాపం. జానెడు ఉంచిన. సున్నా! ఆలస్యం సున్నా! సైనిక్‌పురి నుంచి సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు కారేసుకొని వచ్చిండ్రు. 'హెన్రీ గారూ, అమెరికాల సుత ఇది కాలే' అని చేతులు పట్టుకున్నరు."

"మా ఇంటి ముందు కారు ఆగినట్టు లేదే?" అంది ప్రిసిల్లా.

"మీరు ప్రార్థనకు పోయిండ్రు అప్పుడు. అయినా నేను సున్నా కాడ ఆగుతనా? కిందికి దించిన. మైనస్! టీచరమ్మ గొంతు సవరించుకుంటుందో లేదో, స్పీకర్‌ల పాట షురూ! నోరు తెరవకముందే! నిన్నయితే ఆమె రేపు దగ్గే దగ్గు ఇనిపించింది. ఇని నేనే ఉరికిపోయి సిరప్ తెచ్చిన. సీసా చూపియ్యన్నా?"

అందరూ పడీ పడీ నవ్వారు. ప్రేమమణి నవ్వలేదు. నెమ్మదిగా ముందుకు వంగింది.

"అయితే నాయనా, మూడో చరణం వినిపించు."

"ఏం చరణం టీచరమ్మా?"

"నేను పాడబోయేది. రెండో లైను దగ్గరే ఆగిపోతున్నా, అదైతే అసలు గుర్తుకే రావడం లేదు. నాకంటే ముందే దానికి తెలుసంటున్నావుగా."

నవ్వులు ఆగిపోయాయి. పైకి అనాలనుకోలేదామె. అలసటలో నోరు జారింది.

"అదీ... గిప్పుడు చల్లబడ్డది. జెర వేడెక్కాలె."

"పోనీ సున్నా అన్నారుగా, అది చూపించండి," అంటూ ప్రిసిల్లా లోపలికి వెళ్లి కిటికీలోంచి మైకు, హెడ్‌ఫోన్లు అందించింది. అతను జానెడే ఉంచానన్న వైరు కిటికీ దాటి, చూరు కింద వేలాడి, హెన్రీ ఒళ్లో పడింది. "సండే స్కూల్లో పిల్లలు నిద్రలో కూడా పాడతారే, ఆ పాట పాడండి."

హెన్రీది మంచి గొంతు. మొదటి లైను దర్జాగా ఎత్తుకున్నాడు. రెండో లైనులో తడబడ్డాడు. అతని గొంతే కాస్త ఆలస్యంగా చెవుల్లోకి వస్తుంటే, దాని కోసం ఆగాడు. అతను ఆగితే అదీ ఆగింది. మళ్లీ ఎత్తుకున్నాడు, మాటలు సాగదీశాడు, అక్కడే ఇరుక్కుపోయాడు. నుదుటి మీద చెమట పట్టింది.

ప్రేమమణి అతని ముఖం వంకే చూస్తోంది. తెరుచుకున్న నోరు, ఎటో పోయిన చూపు. పొద్దుటి నుంచి తన ముఖమూ ఇలాగే ఉండి ఉంటుంది.

"అయ్యో హెన్రీ, నీకు కూడా మతిమరుపేనా?" అంది.

నోవహుకు పొలమారింది. హెన్రీ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ప్రేమమణి గోడ పట్టుకొని లేచి, లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చుంది. "మైకు ఇటు పెట్టు. వెనకబడి వచ్చే ఆ గొంతు నా చెవులకు వద్దు," అంది.

ప్రిసిల్లా మైకు సర్దింది. "అమ్మమ్మా, మరి మూడో చరణం?"

"వస్తుందో రాదో నాకూ తెలియదమ్మా. అక్కడిదాకా పాడితేగాని తెలియదు. నువ్వు బటన్ నొక్కు."